కొలిచిన అంకె ఊరికి తిరిగి రావాలి

నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ స్మారకోపన్యాస పాఠం



నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ 1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టారు. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివి వచ్చి, హైదరాబాద్ సంస్థానానికి చీఫ్ ఇంజనీరయ్యారు. ఆయన ఆధ్వర్యంలో మంజీర నది మీద 1923లో మొదలైన నిజాంసాగర్ పని 1931 నాటికి పూర్తయింది. ఆయన 1949లో కన్నుమూశారు. 2014 నుంచి ఆయన పుట్టినరోజును తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి, బాన్సువాడ ప్రాంతాల్లో ఆయన పేరు వినని రైతు ఉండవచ్చు గాని, ఆయన కట్టించిన ప్రాజెక్టు మాట ఎత్తని రైతు ఉండడు.

ఏ ప్రాజెక్టుకైనా ముందుండేది కొలత. ఏటా ఎంత వాన పడుతుంది, వరద ఎంత ఎత్తున వస్తుంది, ఏ మట్టి ఎంత బరువు మోస్తుంది అన్నవి తేలాకే పునాది పడుతుంది. కట్టాక కూడా కొలత ఆగదు. నిజాంసాగర్ తొలి సామర్థ్యం దాదాపు 29.7 టీఎంసీలు. పూడిక చేరి చేరి ఇప్పుడది 17.8 టీఎంసీలకు తగ్గింది. పైనుంచి చూస్తే నీళ్లు అప్పటిలాగే నిండుగా కనిపిస్తాయి. పన్నెండు టీఎంసీల చోటు మట్టిపాలైందన్న సంగతి సర్వే చేస్తేనే బయటపడింది.

పూడిక బాధ ఈ జిల్లాకు బాగా తెలుసు. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మొదలైంది ఇక్కడే, సదాశివనగర్ చెరువులో. నీళ్లు ఎన్ని ఉన్నాయన్న లెక్క కూడా ఈ జిల్లాకు కొత్త కాదు. వానాకాలం వచ్చిందంటే పోచారం ఎన్ని అడుగులకు చేరింది, నిజాంసాగర్‌కు ఎన్ని క్యూసెక్కుల వరద వస్తోంది, ఎన్ని గేట్లు ఎత్తారు అన్నది పొద్దున్నే పేపర్లో చూసుకోవచ్చు. ఆ నీళ్లు ఎలా ఉన్నాయన్న కబురు మాత్రం ఏ పేపర్లోనూ రాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమంతటా నాలుగు వేలకు పైగా చోట్ల నీటి నాణ్యతను పరీక్షిస్తోంది. వాటిలో ఎక్కువ భాగం పెద్ద నదులు, పెద్ద చెరువులు, బావులు. పశువులు తాగే వాగు, పిల్లలు ఈదే మడుగు, చేపలు పట్టే కుంట ఆ జాబితాలోకి రావడం అరుదు. ఆ ఖాళీని ఊరివాళ్లే పూరించాలి. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. కావలసింది పద్ధతి, ఆ పద్ధతిని నడిపే ఒక మనిషి. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే: వాగు నీళ్లను కొలవడం తేలికే, కొలిచేవాళ్లను ఏళ్ల తరబడి కలిపి ఉంచడమే అసలు పని. కొలిచిన అంకె, దాని అర్థంతో సహా, కొలిచినవాళ్ల దగ్గరికి తిరిగి వచ్చినప్పుడే ఆ పని సాగుతుంది.

కామారెడ్డి జిల్లా నీళ్లు రెండు వైపులకు పారుతాయి. తూర్పున పాల్వంచ వాగు నర్మాల దగ్గర ఎగువ మానేరులో చేరుతుంది. పడమటి నీళ్లు మంజీర వైపు సాగుతాయి. నాగిరెడ్డిపేట మండలంలో ఆలేరు వాగు మీద 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు ఉంది. ఎల్లారెడ్డి మండలంలో కల్యాణి వాగు ఉంది, తాడ్వాయి మండలంలో భీమేశ్వర వాగు ఉంది. మానేరు, మంజీర రెండూ చివరికి గోదావరిలోనే కలుస్తాయి. మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో పుట్టి, కర్ణాటక దాటి, సంగారెడ్డి, మెదక్ మీదుగా నిజాంసాగర్‌కు వస్తుంది. 724 కిలోమీటర్లు నడిచి కందకుర్తి దగ్గర గోదావరిని చేరుతుంది. పైనున్న ఊళ్లు వదిలింది ఏదైనా కిందున్న ఊళ్లకు రావలసిందే.

ఇందుకు రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల మధ్య పారే నక్కవాగు మంజీరలో కలుస్తుంది. 1970ల నుంచి అక్కడ మందుల కంపెనీలు, రసాయన కర్మాగారాలు వరుసగా వచ్చాయి. నీళ్ల రంగు మారింది, వాసన మారింది, వాగు కింద పారిన పొలాలు పాడయ్యాయి. ఆ సంగతి మొదట గమనించింది శాస్త్రవేత్తలు కారు. పశువులను తోలుకుపోయేవాళ్లు, వరి వేసినవాళ్లు గమనించారు. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు ఊళ్ల బాధను దగ్గర నుంచి చూసి దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు పరిహారం ఇవ్వాలన్న ఆదేశాలు వచ్చాయి. వ్యాజ్యం మాత్రం ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రైబ్యునల్‌కు మారుతూ పాతికేళ్లు దాటి సాగింది.

2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. దాదాపు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలు ఆ కేంద్రానికి చేరేవి. శుద్ధి అయిందనుకున్న ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. యాంటీబయాటిక్ మందులకు లొంగని క్రిములు ఎక్కడ పుడుతున్నాయి అన్న ప్రశ్న వచ్చిన ప్రతిచోటా, ఈనాటికీ ప్రపంచమంతటా ఈ పరిశోధనను ఉదాహరిస్తారు. 2018లో కేంద్ర మండలి దేశంలో కలుషితమైన 351 నదీభాగాల జాబితా ప్రకటించింది. అందులో మంజీర, నక్కవాగు రెండూ ఉన్నాయి.

నక్కవాగు నుంచి నేర్చుకోవలసింది రెండు. యాంటీబయాటిక్‌ను పట్టుకోవడం ఊళ్లో చేతి కిట్టు వల్ల అయ్యే పని కాదు, దానికి పెద్ద ప్రయోగశాలే కావాలి. అయితే పెద్ద ప్రయోగశాల వచ్చేదాకా ఇరవై ముప్పై ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లన్నిటిలో ఊళ్ల దగ్గర ఉన్నది జ్ఞాపకమే. "మా తాతల కాలంలో ఈ వాగు నీళ్లు తాగేవాళ్లం" అన్న మాటకు కోర్టులో బరువు తక్కువ. ఫలానా నెల, ఫలానా కల్వర్టు దగ్గర, నీళ్ల విద్యుత్ వాహకత ఇంత, కరిగిన ప్రాణవాయువు ఇంత అని నెలనెలా రాసిన పుస్తకం ఒక్కటి ఆ ఊళ్లలో ఉండి ఉంటే, వాగు ఏ ఏడు, ఏ చోట, ఎంత చెడిందో చెప్పే ఆధారం రైతు చేతిలోనే ఉండేది.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి తెలిసి ఉండాలి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లే నమూనాను తీయవలసింది కాలుష్య నియంత్రణ మండలి అధికారే. పరీక్షకు పంపుతున్నట్టు కర్మాగారం వారికి నోటీసు ఇవ్వాలి, వారి ఎదుటే నమూనాను రెండు భాగాలు చేయాలి, సీలు వేసి సంతకాలు పెట్టించాలి. అందువల్ల ఊరి స్వచ్ఛంద బృందం తీసిన నీళ్లు ఎవరి మీదా నేరం రుజువు చేయవు. ఎప్పుడు రావాలో, ఎక్కడ సీసా ముంచాలో అధికారికి చెప్పగలిగేది మాత్రం ఆ బృందమే. అధికారి ఏడాదికి ఒకటి రెండు సార్లు వస్తాడు, వాగు పక్కన ఉండేవాళ్లు మూడు వందల అరవై అయిదు రోజులూ అక్కడే ఉంటారు.

ఊరివాళ్లు నీళ్లను కొలిచిన అనుభవం తెలుగు నేల మీద పెద్ద ఎత్తునే ఉంది. 2003 నుంచి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను కొలిచి నిర్వహించుకునే పథకం నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం జిల్లాలతో పాటు మహబూబ్‌నగర్, నల్లగొండ కూడా అందులో ఉన్నాయి. నంద్యాల కేంద్రంగా పనిచేసే బర్డ్స్ అనే సంస్థ ముందుండి నడిపింది. ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి పరిశీలన బోర్లలోకి తీగ దించారు. తీగ చివర నీటిని తాకగానే మోత వినిపిస్తుంది, అప్పుడు తీగ మీద గుర్తు చూసి లోతు రాసుకుంటారు. మోటారు ఎంత పోస్తోందో తెలియడానికి డ్రమ్ము నిండే సమయాన్ని గడియారంతో లెక్కపెట్టారు.

ఆ పథకంలో గట్టి ఆలోచన కొలతల తర్వాత వచ్చింది. అంకెలన్నీ ఊరి నడుమ బోర్డు మీద రాశారు. యాసంగి పంటకు ముందు ఒక వాగు పరీవాహకంలోని ఊళ్లన్నీ ఒకచోట కూడి, భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, అనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నాయి. లోటు తేలితే వరి తగ్గించమని ఎవరూ ఆజ్ఞాపించలేదు, సబ్సిడీ ఆశ చూపలేదు. లెక్క చూసిన రైతు తన పొలం సంగతి తానే తేల్చుకున్నాడు. భూగర్భజలాల మీద ప్రపంచ బ్యాంకు 2010లో తెచ్చిన నివేదికలో ఈ పథకాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. పథకం ముగిశాక జరిగిన సమీక్షల్లో ఫలితాల మీద భిన్నాభిప్రాయాలు వచ్చాయి. అయినా అక్షరాలు పెద్దగా రాని రైతులు కూడా శాస్త్రీయమైన కొలత తీయగలరా అన్న సందేహాన్ని మాత్రం ఆ పథకం తీర్చేసింది.

ఇలాంటి క్రమశిక్షణ కామారెడ్డి జిల్లా పల్లెల్లో రోజూ పొద్దున, సాయంత్రం కనిపిస్తూనే ఉంది. పాల కేంద్రానికి పోయి చూస్తే చాలు. పాలు పోసే ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంటుంది. పోసిన పాలలోంచి చిన్న నమూనా తీస్తారు, వెన్న శాతం చూస్తారు, చీటీ చేతిలో పెడతారు. చీటీ మీది అంకె తగ్గితే ఆ ఇల్లాలు అక్కడే నిలబడి అడుగుతుంది: దాణా మారిందా, మిషన్ తప్పు చూపుతోందా అని. వానొచ్చినా, పండుగొచ్చినా ఆ క్యూ ఆగదు. డబ్బులు వస్తాయి కాబట్టి అన్నది నిజమే, కాని చీటీ రాకపోతే డబ్బుల మీద నమ్మకం కూడా ఉండదు. వాగు నీళ్లు కొలిచేవాళ్లకు డబ్బులు రావు. కాబట్టి చీటీ మరింత ఖచ్చితంగా రావాలి. నమూనా ఇచ్చి నెలలు గడిచినా కబురు లేకపోతే మూడోసారి ఎవరూ సీసా పట్టుకుని వాగులో దిగరు.

ఇక పని ఎలా నడవాలన్నది చూద్దాం. మొదటిది, చోట్లు తక్కువ ఉండాలి. ఉత్సాహం కొద్దీ ముప్పై చోట్లు పెట్టుకుంటే మూడో నెలకు పది మిగులుతాయి, ఏ పది మిగులుతాయో ఎవరి చేతిలోనూ ఉండదు. ఒక వాగుకు మూడు చాలు: పట్టణానికి లేదా మిల్లులకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి, చెరువులో కలిసే ముందు ఒకటి. ఎగువ, దిగువ అంకెల మధ్య తేడా చూస్తేనే నడుమ ఏం కలిసిందో తెలుస్తుంది. దిగువన ఒక్కచోటే కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.

రెండోది, వేళ మారకూడదు. నీళ్లలో కరిగిన ప్రాణవాయువు రోజంతా ఒకేలా ఉండదు. పాచి ఎక్కువున్న నీళ్లలో మధ్యాహ్నం ఎండకు అది పెరుగుతుంది, తెల్లవారుజామున బాగా పడిపోతుంది. వేడిమి మీద కూడా ఆధారపడుతుంది. ఇరవై డిగ్రీల నీళ్లలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల దాకా నిలిచే ప్రాణవాయువు ముప్పై డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి నిలవదు. కేంద్ర మండలి లెక్కన చేపలు బతకాలంటే కనీసం నాలుగు, మనుషులు స్నానం చేయాలంటే కనీసం అయిదు ఉండాలి. ఒక బృందం పొద్దున ఏడింటికి, ఇంకో బృందం మధ్యాహ్నం రెండింటికి కొలిస్తే, రెండు వాగుల్లో ఏది మంచిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. నెలలో ఒక ఆదివారం, అందరికీ అదే వేళ అని పెట్టుకోవడమే మార్గం.

మూడోది, సీసా ముంచే తీరు. చూడటానికి చిన్న విషయమే, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఒడ్డు పక్క నిలిచిన నీళ్లు తీయకూడదు, పారే నీళ్లలో మోకాలి లోతు దాకా పోవాలి. మనిషి దిగువన నిలబడి ఎగువకు తిరగాలి, కాళ్లు కదిపిన బురద నమూనాలోకి రాకుండా. మామూలు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి. సూక్ష్మజీవుల పరీక్షకు శుద్ధి చేసి ఇచ్చిన సీసాను మాత్రం కడగకూడదు. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. ప్రాణవాయువు సీసాను నీళ్ల లోపలే నింపి, లోపలే మూత పెట్టాలి. గాలి బుడగ ఒక్కటి మిగిలినా అంకె పాడవుతుంది. బయటికి తీశాక తలకిందులు చేసి, వెలుతురుకు ఎత్తి పట్టి, బుడగ ఉందో లేదో ఇద్దరూ చూడాలి. ఉంటే పారబోసి మళ్లీ నింపాలి. ఒకరు కొలిస్తే ఇంకొకరు పైకి చదివి రాయాలి. తేదీ, వేళ, చోటు, అంతకుముందు రెండు రోజుల్లో వాన పడిందా, నీళ్ల రంగు, వాసన, ఎగువన గేదెలు దిగాయా, ఎవరైనా బట్టలు ఉతుకుతున్నారా అన్నవన్నీ అక్కడే రాయాలి. ఇంటికొచ్చాక గుర్తు చేసుకుని రాసిన వివరానికి విలువ లేదు.

పల్లెల్లో నీటి పరీక్ష చేసే చేతులు ఇప్పటికే కొన్ని ఉన్నాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ నియమాల ప్రకారం ఊరికి అయిదుగురు మహిళలకు తాగునీటి కిట్టు వాడటం నేర్పాలి. ఆ కిట్టుతో పాటు ఇచ్చే చిన్న సీసా కథ తెలుసుకోదగినది. 1982లో గ్వాలియర్ రక్షణ ప్రయోగశాలకు చెందిన మాంజా, ఆయన సహచరులు దాన్ని రూపొందించారు. సీసాలో నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. కరెంటు అక్కర్లేదు, సూక్ష్మదర్శిని అక్కర్లేదు. నల్లరంగు చూసిన మనిషికి ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

అయితే ఆ సీసాను వాగుకు వాడటంలో లాభం లేదు. పశువులు దిగే ఏ వాగు నీళ్లయినా అందులో నల్లబడతాయి. వాగుకు కావలసింది ఎన్ని క్రిములున్నాయన్న లెక్క. బహిరంగ స్నానానికి కేంద్ర మండలి పెట్టిన పరిమితి వంద మిల్లీలీటర్లకు 2,500 మలసంబంధ కోలిఫారాలు. ఈ లెక్కకు ప్రయోగశాల కావాలి. కామారెడ్డికి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. పట్టణంలో పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. పాలలో కోలిఫారం లెక్కపెట్టడం అక్కడి విద్యార్థులు నేర్చుకునే పాఠాల్లో భాగం. ఆ చదువు వాగు నీళ్లకు కూడా పనికొస్తుంది. ఎల్లారెడ్డిలో పొద్దున తీసిన నమూనా మంచుగడ్డల డబ్బాలో, బస్సులో, మధ్యాహ్నంలోపు కామారెడ్డి చేరగలదు. సూక్ష్మజీవుల పరీక్షకు నమూనా ఎంత తొందరగా చేరితే అంత మంచిది, 24 గంటలు దాటితే పారబోయడమే మేలు.

కిట్టు కొనలేని బడికి ఇంకో దారి ఉంది. దక్షిణాఫ్రికాలో మినీసాస్ అనే పద్ధతిలో పిల్లలు వాగులో రాళ్లు ఎత్తి, వల పట్టి, నీళ్లలో బతికే పురుగులను పదమూడు తెగలుగా గుర్తుపడతారు. తూనీగ పిల్లలకు, జలగకు, నత్తకు వేర్వేరు మార్కులుంటాయి. మురికిని తట్టుకోలేని జీవులకు ఎక్కువ మార్కులు వస్తాయి. మార్కులు కూడి భాగిస్తే వాగు ఆరోగ్యం తెలుస్తుంది. అమెరికాలో ఐజాక్ వాల్టన్ లీగ్ 1969లో మొదలుపెట్టిన వాగుల కార్యక్రమం కూడా ఈ పురుగుల లెక్క మీదే పెరిగింది. రసాయన పరీక్ష ఆ క్షణపు నీళ్ల సంగతి చెబుతుంది. నెలల తరబడి అక్కడే బతికిన పురుగు ఆ నెలలన్నిటి సంగతీ చెబుతుంది. రాత్రిపూట ఎవరైనా ట్యాంకరు తెచ్చి గుమ్మరించి పోతే పొద్దుటి నీళ్లలో జాడ దొరక్కపోవచ్చు, రాళ్ల కింద తూనీగ పిల్లలు లేకపోవడం మాత్రం కనిపిస్తుంది. జీవశాస్త్రం టీచర్లకు ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ దొరకదు.

స్వచ్ఛందంగా చేసినవాళ్ల అంకెలను నమ్మవచ్చా? ఈ ప్రశ్న అధికారులు తప్పక అడుగుతారు, అడగడం న్యాయమే. జవాబు పద్ధతిలోనే ఉండాలి. పది నమూనాల్లో ఒకదాన్ని రెండుసార్లు తీసి ప్రయోగశాలకు కూడా పంపాలి. ఏడాదికి రెండుసార్లు బృందాలన్నీ ఒకచోట చేరి, ఒకే బిందెలోని నీళ్లను ఎవరి కిట్టుతో వాళ్లు కొలవాలి. ఎవరి అంకె దూరంగా ఉంటే వాళ్ల మందు పాతబడిందా, చేతి పొరపాటా అని చూడాలి. దీన్ని పరీక్షలా పెట్టి మార్కులు వేస్తే జనం భయపడి దూరమవుతారు, అందరూ కలిసి సరిచూసుకునే రోజుగా జరిపితే వాళ్లే అడిగి వస్తారు. అనుమానం వచ్చిన అంకెను కొట్టేయకూడదు. పక్కన గుర్తు పెట్టి అలాగే ఉంచాలి.

మనుషులు ఎప్పుడు దొరుకుతారు, ఎప్పుడు దొరకరు అన్నది ఈ పద్ధతిని నడిపే సమన్వయకర్తకు కంఠస్థం కావాలి. జూలై, ఆగస్టుల్లో నాట్లు, జనవరిలో యాసంగి నాట్లు. ఆ వారాల్లో మహిళా సంఘాల సభ్యులు పొలంలో ఉంటారు. మార్చిలో పిల్లలకు పరీక్షలు, మేలో సెలవులు. డిగ్రీ కళాశాల జాతీయ సేవా పథకం విద్యార్థులు మూడేళ్లలో చదువు ముగించి పోతారు. అందుకని ప్రతి చోటుకూ రెండు రకాల మనుషులు కావాలి: పోయే విద్యార్థి ఒకరు, ఊళ్లోనే ఉండే మనిషి ఒకరు. చేపలు పట్టే సొసైటీ సభ్యుడు గాని, పంపు ఆపరేటరు గాని, రిటైరైన మాస్టారు గాని ఉంటే విద్యార్థి మారినా చోటు ఖాళీ కాదు. పాత తెలంగాణ ఊళ్లలో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, మత్తడి ఎప్పుడు దుంకుతుంది, కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతోంది అన్నది చూసి ఊరికి చెప్పడం అతని బాధ్యత, దానికి ఊరు అతనికి గింజలు కొలిచేది. ఆ వృత్తి దాదాపు పోయింది. ఆ చూపు ఇంకా చాలా ఊళ్లలో మిగిలే ఉంది, ఆ కుటుంబాలను వెతికి బృందంలోకి పిలవాలి. సమన్వయకర్తకు ఫోను ఖర్చులు, బస్సు ఛార్జీలు, ఎంతో కొంత గౌరవ వేతనం తప్పనిసరి. సీసాల కోసం డబ్బులు పెట్టి మనిషి కోసం పెట్టని కార్యక్రమం ఏడాది దాటి నడవదు.

ప్రాణం సంగతి అన్నిటికన్నా ముందు చెప్పవలసింది. 2025 ఆగస్టు 27, వినాయక చవితి నాడు మొదలైన వాన ఈ జిల్లాకు మరపురాదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో వర్షం 40 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, పోచారం మీదుగా ఎన్నడూ చూడనంత వరద దుంకింది. వందేళ్లు దాటిన ఆ కట్ట నిలబడటం కట్టినవారి పనితనానికి సాక్ష్యం. వాగు పొంగినప్పుడు ఏ నమూనా అక్కర్లేదు. మోకాలు దాటిన నీళ్లలో దిగకూడదు, ఒంటరిగా పోకూడదు, చేతి మీద పుండుంటే ఆ నెల రాసే పని మాత్రమే చేయాలి. వరద తగ్గిన వారానికి కొలవడం మాత్రం మానకూడదు. మరుగుదొడ్ల గుంతలు, చెత్తకుప్పలు, పురుగుమందు డబ్బాలు అన్నీ కొట్టుకొచ్చేది అప్పుడే.

ఇక చీటీ. కొలిచిన పది రోజుల్లో ఫలితం పంచాయతీ బోర్డు మీదికి రావాలి. అంకె ఒక్కటే రాస్తే చాలదు. ఈ నెల ఈ నీళ్లు పశువులకు పనికొస్తాయా, స్నానానికి పనికొస్తాయా, గత నెల కన్నా మెరుగా, తగ్గుదలా అన్నది రెండు మూడు మాటల్లో ఉండాలి. అంతకుముందే కొలిచిన ఇద్దరికీ ఫోన్లో కబురు అందాలి. తమ ఊరి వాగు సంగతి వాళ్లు బోర్డు చూసి తెలుసుకునే పరిస్థితి రాకూడదు. వినాయక నిమజ్జనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చెరువు కొలిచి రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే, వచ్చే ఏడు మట్టి విగ్రహం గురించి మాట్లాడటానికి ఊరికి సొంత ఆధారం ఉంటుంది. బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్లంతా చెరువు దగ్గరికి వస్తారు. ఆ చెరువు నీళ్లు ఆ ఏడాది ఎలా ఉన్నాయో చెప్పడానికి అంతకు మించిన సభ ఇంకోటి దొరకదు.

చెడ్డ అంకె వచ్చినప్పుడు సమన్వయకర్తకు అసలు పరీక్ష. వెంటనే ఫలానా మిల్లు, ఫలానా కంపెనీ అని వేలు చూపితే ఒక్క పొరపాటుతో అందరి కష్టం కొట్టుకుపోతుంది. దాచిపెడితే ఊరికి ద్రోహం. వరస ఇలా ఉండాలి: మరుసటి రోజే ఎగువ, దిగువ రెండు చోట్లా మళ్లీ కొలవాలి. అదే నమూనాలో సగం ప్రయోగశాలకు పంపాలి. నీళ్లు తాగే, వాడే ఊళ్లకు ఆ సాయంత్రమే చెప్పాలి, కారణం తెలియకపోయినా జాగ్రత్త చెప్పడానికి అడ్డేమీ లేదు. రెండో కొలత కూడా అలాగే ఉంటే పుస్తకం పట్టుకుని గ్రామసభకు, అక్కడి నుంచి తీర్మానంతో కాలుష్య నియంత్రణ మండలికి పోవాలి. ఏడాది పాటు నెలనెలా రాసిన పుస్తకం ఎదురుగా ఉంటే అధికారి కూడా పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకుని వస్తాడు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండు పట్టణాల నుంచి ఈ పని ఈ యాసంగిలోనే మొదలు కావచ్చు. మానేరు వైపు పాల్వంచ వాగు మీద మూడు చోట్లు, మంజీర వైపు కల్యాణి వాగు మీద మూడు, పోచారం ఎగువన ఆలేరు వాగు మీద మూడు. మొత్తం తొమ్మిది చోట్లు, చోటుకు నలుగురు, అంటే ముప్పై ఆరు మంది. రెండు పట్టణాల డిగ్రీ కళాశాలల సేవా పథకం అధికారులు విద్యార్థులను ఇవ్వాలి, మహిళా సంఘాలు కిట్టు వాడటం వచ్చిన సభ్యులను పంపాలి, డెయిరీ కళాశాల నెలకు తొమ్మిది కోలిఫారం పరీక్షల బాధ్యత తీసుకోవాలి. తొమ్మిది పంచాయతీలు ఒక్కో బోర్డుకు నల్ల రంగు వేయించాలి. మంజీర వైపు బృందాలను ఎల్లారెడ్డి నుంచి ఒకరు, మానేరు వైపు బృందాన్ని కామారెడ్డి నుంచి ఒకరు చూసుకోవాలి. ఇద్దరి పుస్తకాలూ ఒకే నమూనాలో ఉండాలి. సభకు వచ్చిన ప్రిన్సిపాళ్లు, సర్పంచులు, సంఘాల అధ్యక్షులు ఇక్కడి నుంచి కదలకముందే ఆ ఇద్దరి పేర్లు, మొదటి ఆదివారం తేదీ ఖరారు చేయాలని ఈ వేదిక కోరుతోంది.